బక్‌వీట్ డైట్ ఫుడ్ కాదండీ, కడుపు నిండే తిండి

మన దగ్గర బక్‌వీట్ అనగానే ఉపవాసమో, బరువు తగ్గడమో గుర్తొస్తుంది. ఉత్తరాది వాళ్లు నవరాత్రుల్లో కుట్టు పిండితో, అంటే బక్‌వీట్ పిండితో పూరీలు చేసుకుంటారు, మన సూపర్‌మార్కెట్లలో ఓట్స్ పక్కన చిన్న ప్యాకెట్లో కనిపిస్తుంది, అంతే. నేను దీన్ని మొదట తిన్నది ఉక్రెయిన్‌లో, విన్నిత్సాలో మెడిసిన్ చదివేటప్పుడు. బయట మంచు, లోపల పంది కొవ్వు ముక్కలతో, అందులోనే వేగిన ఉల్లిపాయలతో కలిపిన హ్రెచ్కా (బక్‌వీట్‌ని అక్కడ అలా అంటారు) పళ్లెం నిండా. ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల తిండి అది.

అక్కడ దాని విలువ వేరు. ఎన్నికలప్పుడు మన దగ్గర డబ్బు పంచినట్టు, అక్కడ కొందరు అభ్యర్థులు ముసలివాళ్లకి హ్రెచ్కా ప్యాకెట్లు పంచేవాళ్లు. 2022లో యుద్ధం మొదలయ్యాక మార్చిలో ఎగుమతి ఆపేసిన సరుకుల్లో ఉప్పు, చక్కెరతో పాటు ఇదీ ఉంది. గోధుమ జాతి కాదు, మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. గ్లూటెన్ ఉండదు.

ఇక వంట. ముందు గింజ సంగతి చూసుకోవాలి, సగం రుచి అక్కడే ఉంది. ఉక్రెయిన్‌లో దొరికేది వేయించిన గోధుమరంగు గింజ, మనకి ఆన్‌లైన్‌లో ఎక్కువగా వచ్చేది పచ్చిది, లేత ఆకుపచ్చగా మూడు పలకలుగా ఉంటుంది. నల్ల పొట్టుతో ఉన్నది మాత్రం కొనకండి, ఆ పొట్టు ఎంత ఉడికినా మెత్తబడదు. పచ్చి గింజని అలాగే ఉడికిస్తే జిగురు జిగురుగా అయిపోతుంది కాబట్టి నూనె లేకుండా బాణలిలో మధ్యస్థం మంట మీద వేయించండి. మొదట ఏమీ అనిపించదు, కాసేపటికి ఒక్కసారిగా కమ్మటి వాసన లేస్తుంది, రంగు ఎర్రబడి గోధుమరంగుకి తిరుగుతుంది, అప్పుడు వెంటనే దించి వేరే గిన్నెలోకి తీసేయాలి, లేకపోతే బాణలి వేడికే మాడుతుంది.

ఒక గ్లాసు గింజకి రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పొంగు రాగానే మంట బాగా తగ్గించి మూత పెట్టేయండి. కలపొద్దు! మనకి ఉప్మా అలవాటుతో చెయ్యి గరిటె మీదకి పోతుంది కానీ, కలిపితే గింజ విరిగి ముద్దవుతుంది. పదిహేను నిమిషాలకి నీళ్లు ఇంకిపోతాయి, లోపల గుడగుడ శబ్దం ఆగిపోతుంది. అప్పుడు స్టవ్ ఆపి, పైన వెన్న ముక్క వేసి, గిన్నెని మూతతో సహా మందపాటి తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టండి. అక్కడి పెద్దవాళ్లు ఏకంగా దుప్పట్లో చుట్టేస్తారు. అరగంట అలా మగ్గితేనే గింజ దేనికది పువ్వులా విచ్చుకుంటుంది.

ఈలోగా రెండు పెద్ద ఉల్లిపాయలు, పొద్దుతిరుగుడు నూనెలో, సన్న మంట మీద ఓపిగ్గా. హడావుడి పడొద్దు, తీపి వాసన వచ్చేదాకా ఆగాలి. తర్వాత తురిమిన క్యారెట్, పావు కిలో పుట్టగొడుగులు, వాటి నీళ్లన్నీ ఇగిరిపోయి అంచులు ఎర్రబడేదాకా. అక్కడైతే కార్పాతియన్ అడవుల ఎండు పుట్టగొడుగులు వాడతారు, వాటిని నానబెట్టిన నీళ్లతోనే గింజ ఉడికిస్తే ఆ రుచే వేరు. మిరియాలు, సన్నగా తరిగిన సోయకూర చాలు. దయచేసి గరం మసాలా వేయకండి, వేయించిన గింజ వాసన మొత్తం దాని కింద పడి పోతుంది. అన్నీ కలిపాక పైన స్మెతానా, అంటే పులిసిన మీగడ వేసుకుంటారు. నీళ్లు వడకట్టిన గడ్డ పెరుగులో కాస్త మీగడ కలిపితే దానికి చాలా దగ్గరగా వస్తుంది.

కాస్త ఎక్కువే వండుకోండి, ఎందుకంటే మర్నాడు హ్రెచానికీ, అంటే హ్రెచ్కా కట్లెట్లు చేసుకోవచ్చు, నిజానికి నాకు అవే ఎక్కువ ఇష్టం. మిగిలిన దానికి సమానంగా చికెన్ కీమా, ఒక గుడ్డు, తురిమిన ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలు వేసి బాగా పిసికి, అరచేతిలో గుండ్రంగా ఒత్తి, మైదాలో దొర్లించి రెండు వైపులా వేయించండి. తర్వాత వెడల్పాటి గిన్నెలో పేర్చి, ఆ మీగడ పెరుగులో ఒక చెంచా మైదా, అర గ్లాసు నీళ్లు కలిపి పైన పోసి సన్న మంట మీద ఇరవై నిమిషాలు ఉడికించండి. మైదా మానకండి, అది లేకపోతే పెరుగు విరిగిపోతుంది. మాంసం తినని వాళ్లు కీమా బదులు ఉడికించిన బంగాళదుంప, పుట్టగొడుగులు వేసుకోవచ్చు.