పద్మినికి పొల్యూషన్ సర్టిఫికెట్: ఆర్సీ రెన్యువల్‌కు ముందు చేసిన పనులు

బండి 1985లో రిజిస్టరైన ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్, సోలెక్స్ కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం), స్టీరింగ్ కిందే గేరు రాడ్డు. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ పాత మూడక్షరాల సిరీసే. ఊరు విజయవాడ. పాత పెట్రోల్ కారు ఉన్నవాళ్లందరికీ ఈ పని ఐదేళ్లకోసారి తప్పదు కాబట్టి చేసింది చేసినట్టు రాసిపెడుతున్నాను.

ఆగస్టు 2025

నవంబరు చివర్లో ఆర్సీ గడువు ముగుస్తుంది. మొదటి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకూ ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ గడువుకు 60 రోజుల లోపే. బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ సిద్ధంగా ఉండాలి. గ్రీన్ ట్యాక్స్ విడిగా కట్టాలి.

20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం ఈ నెలలోనే 10,000 రూపాయలు చేసింది. 2022 ఏప్రిల్‌కు ముందు ఇది 600 ఉండేది. అప్పుడు 5,000 అయింది, ఇప్పుడు దానికి రెట్టింపు. బైకుకు 2,000, విదేశాల నుంచి తెచ్చుకున్న కారుకు 80,000. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ముందు బండి పొల్యూషన్ టెస్టు దాటాలి. అందుకని పెట్రోల్ బంకు దగ్గర టెస్టు చేసే వ్యాన్‌లో ఒక రీడింగ్ తీయించాను. పొగలో సీవో (కార్బన్ మోనాక్సైడ్) 4.8 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 1,150 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు).

బీఎస్-2 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో రెండోది) కంటే ముందు తయారైన పెట్రోల్ కారుకు, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ స్లోలో తిరుగుతున్నప్పుడు, సీవో 3 శాతం, హెచ్‌సీ 1,500 పీపీఎం దాటకూడదు. బీఎస్-4 కారుకైతే సీవో 0.3 శాతమే. అంటే రూలు మా పద్మినిని దాని కాలపు బండిగానే చూస్తోంది, నిన్నమొన్నటి ఇంజక్షన్ బండితో పోటీ పెట్టడం లేదు. ఈ పద్ధతి నాకు న్యాయంగా అనిపిస్తుంది. సరిగ్గా ట్యూన్ చేసిన పద్మినికి 3 శాతం లోపు రావడం కష్టం కాదు. రాలేదంటే బండిలో ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఆ రెండు అంకెల్ని కలిపి చదవాలి. హెచ్‌సీ అంటే మండకుండా బయటికి పోతున్న పెట్రోల్. అది ఎక్కువగా ఉంటే ప్లగ్గులు, పాయింట్లు (ప్లగ్గులకు కరెంటు అందేలా చేసే స్విచ్చు), వాల్వులు చూసుకోవాలి. హెచ్‌సీ పరిమితిలో ఉండి సీవో ఒక్కటే దాటితే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ పడుతోందని అర్థం. మాది రెండో రకం. ఇంజిన్ విప్పక్కర్లేదని అప్పుడే ధైర్యం వచ్చింది.

సెప్టెంబరు

ఆటోనగర్‌లో పద్మినీల మీదే పని నేర్చుకున్న మేస్త్రి గారొకరున్నారు. కాగితం చూడగానే, "జెట్ల సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు చోక్ పూర్తిగా మూసుకుంటోందేమో చూడవయ్యా" అన్నారు. జెట్లంటే కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు.

ఈ సోలెక్స్‌లో చోక్ అంటే గాలిని ఆపే రేకు కాదు. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ కావడానికి విడిగా పెట్రోల్ అందించే చిన్న వాల్వు. డ్యాష్‌బోర్డు మీద నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లినా, కేబుల్ బిగుసుకుపోయి ఉంటే కార్బొరేటర్ దగ్గర లివర్ చివరిదాకా వెనక్కి రాదు. అప్పుడు ఇంజిన్ వేడెక్కినా అదనపు పెట్రోల్ పడుతూనే ఉంటుంది. మా బండిలో లివర్ మూడు నాలుగు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతోంది. కేబుల్ మార్చి, లివర్ చివరిదాకా వస్తోందని కంటితో చూసుకున్నాకే క్లాంప్ బిగించాం.

ఆ తర్వాత కార్బొరేటర్ దించాం. కార్బొరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వు మొన అరిగి గాడి పడింది. అది సరిగ్గా మూసుకోకపోతే ఫ్లోట్ చాంబర్‌లో (కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) పెట్రోల్ మట్టం పెరిగి మిక్స్చర్ రిచ్ అవుతుంది, అంటే గాలితో కలిసే పెట్రోల్ ఎక్కువవుతుంది. వాల్వుతో పాటు దాని కింది వాషరు కూడా పాత మందందే వేయాలి, లేకపోతే మట్టం మళ్లీ మారిపోతుంది. స్లో జెట్‌ను గాలి కొట్టి శుభ్రం చేశాం. తీగ గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది, దాంతో సీవో ఇంకా పెరుగుతుంది.

టెస్టు కోసం మెయిన్ జెట్ చిన్నది వేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి వేయకండి. టెస్టు జరిగేది స్లోలో. అప్పుడు పెట్రోల్ అందించేది స్లో జెట్, మెయిన్ జెట్ కాదు. దాన్ని తగ్గిస్తే రీడింగ్ అలాగే ఉంటుంది, బండి మాత్రం ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆయాసపడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది.

మిగతావి మామూలు పనులే. కొత్త ఎయిర్ ఫిల్టరు, కొత్త పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గుల గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు (వాల్వుల గ్యాప్) సర్దాం.

అక్టోబరు

ట్యూనింగ్ ఇలా చేశాం. ముందు బందరు రోడ్డు మీద కాసేపు తిప్పి ఇంజిన్‌ను బాగా వేడెక్కించాం. మిక్స్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి రెండు చుట్లు వదులు చేశాం. స్లో స్క్రూతో 800 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టాం. అక్కణ్ణుంచి మిక్స్చర్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ అన్నిటికంటే వేగంగా, నున్నగా తిరిగే చోటు పట్టుకోవాలి. తర్వాత కొంచెం లోపలికి తిప్పి, ఆర్‌పీఎం తగ్గడం మొదలవగానే ఆపాలి. ఎక్కడా నిలకడ రాకుండా ఇంజిన్ ఊగుతుంటే కార్బొరేటర్ కింది గ్యాస్కెట్ దగ్గర క్లీనర్ స్ప్రే కొట్టి చూడండి. కొట్టగానే ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి లాగుతున్నట్టు.

రీడింగ్: సీవో 2.1 శాతం, హెచ్‌సీ 640 పీపీఎం. సర్టిఫికెట్ చేతికి వచ్చింది. బండి ఇప్పుడు పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. గ్యారేజీలో ఉండే పెట్రోల్ వాసన పోయింది, మైలేజీ కూడా పెరిగింది. టెస్టు పెట్టకపోయి ఉంటే ఆ చోక్ కేబుల్ సంగతి ఎన్నాళ్లకు బయటపడేదో.

ఇదే నెలలో పెట్రోల్ పైపులన్నీ మార్చాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ పైపులు, పెట్రోల్ పంపుకు కొత్త డయాఫ్రమ్ వేశాం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డినీ కదిలిస్తుంది. అందుకని పంపుకు ముందు ఫిల్టరు పెట్టించాను. కదపని బండిలో పెట్రోల్ నెలల తరబడి నిల్వ ఉంచకూడదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిక్స్చర్ కొంత లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అవుతుంది. పాత పెట్రోల్ రోజుల్లో చేసిన ట్యూనింగ్ ఇప్పుడు పనికిరాదు, మళ్లీ చేసుకోవాల్సిందే.

ఢిల్లీలో పాత కార్లున్న మిత్రుల పరిస్థితి చూస్తే బాధేస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలు, వాటిని సమర్థిస్తూ 2018లో వచ్చిన సుప్రీంకోర్టు ఉత్తర్వుల ప్రకారం అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండి, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదన్నారు. సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టి చూసేదేమీ లేదు, పుట్టిన ఏడాదే లెక్క. ఈ జులై 1 నుంచి అలాంటి బండ్లకు పెట్రోల్ పోయడం కూడా ఆపారు, వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టారు. వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆదేశించింది. ముంబయిలో 20 ఏళ్ల పరిమితి వల్ల చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోయింది. రోజంతా తిరిగే ట్యాక్సీకి వయసు హద్దు పెట్టడాన్ని నేను అర్థం చేసుకోగలను. ఢిల్లీ గాలి ఎంత చెడ్డదో కూడా తెలుసు, అక్కడి పిల్లల ఊపిరి కంటే నా బండి ముఖ్యమని అనను. కానీ ఆదివారం నాడు కాసేపు బయటికి తీసే కారును, పొగ పరిమితిలో ఉన్నా, వయసు చూసి తుక్కుకు పంపడం తప్పే. పొగను కొలిచే యంత్రం ఉన్నప్పుడు దాని మాటే వినాలి.

నవంబరు

రెన్యువల్ అయింది. ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబరు, బ్రేకులు, లైట్లు, హారన్ చూశారు. చాసిస్ నంబరు దగ్గర తుప్పు గీకి శుభ్రం చేసుకుని వెళ్తే పని త్వరగా అవుతుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. 2021 జులైలో వచ్చిన ఆ రూల్స్ 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకే. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. అయితే ఆ బండిని ర్యాలీలకో, ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోల్‌కో తీయాలి తప్ప రోజూ తిప్పకూడదు. మా పద్మినికి ఆ అర్హత 2035లో గానీ రాదు. ఈలోపు 2030లో మరో రెన్యువల్ ఉంది. 20 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న పద్మినీలు, అంబాసిడర్లు, పాత మారుతి 800లు అన్నీ ఇదే ఖాళీలో ఉన్నాయి. తక్కువ తిరిగే ఇలాంటి బండ్లకు, ఏటా పొగ టెస్టు దాటాలన్న షరతు మీదైనా, ఫీజులో సడలింపు ఇవ్వాలని నా గట్టి కోరిక.

పొల్యూషన్ సర్టిఫికెట్ మాకు ఆరు నెలలే, ఏడాది గడువు బీఎస్-4 నుంచి పై బండ్లకు. అది లేకుండా దొరికితే జరిమానా 10,000 దాకా ఉంటుంది. ఏప్రిల్ టెస్టుకు ముందు సైలెన్సర్ పైపు ఫ్లాంజ్ గ్యాస్కెట్ మార్చాలి. అక్కడ సన్నగా లీకు ఉంది, బయటి గాలి కలిస్తే రీడింగ్ తక్కువగా వచ్చి తప్పుదారి పట్టిస్తుంది. గ్యాస్కెట్ కొనేశాను, స్టడ్లు తుప్పు పట్టి ఉన్నాయి కాబట్టి ముందు వాటికి తుప్పు వదిలే నూనె కొట్టి నానబెట్టాలి.