కౌంట్ ఒక్కటే చూస్తే సరిపోదు

వీర్యకణాల కౌంట్ బాగానే ఉంది, వాటి కదలికే తక్కువ అన్న రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు ముందు మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే చిన్న భాగాలు) గురించే చెప్పాలనిపిస్తుంది.

వీర్యకణం తయారయ్యేటప్పుడు తన కణద్రవ్యాన్ని చాలావరకు వదిలేస్తుంది, కానీ ఓ 50 నుంచి 75 మైటోకాండ్రియాను మాత్రం ఉంచుకుని, తలకీ తోకకీ మధ్య భాగంలో స్ప్రింగులా చుట్టేసుకుంటుంది. ఎంత చక్కటి అమరికో! తోక ఆడటానికి కావాల్సిన శక్తిలో కొంత అక్కడి నుంచే వస్తుంది, మిగతాది తోకలోనే గ్లూకోజ్‌ను విడగొట్టి తయారుచేసుకుంటుంది (ఈ రెండో దారి సంగతి చాలామంది మర్చిపోతారు).

చిక్కేమిటంటే, ఆ మైటోకాండ్రియా దెబ్బతింటే శక్తి తగ్గడంతో ఆగదు, హాని చేసే ఆక్సిజన్ అణువులు ఎక్కువగా పుట్టి కణం పొరలోని కొవ్వుల్నీ తలలోని డీఎన్ఏనీ పాడుచేస్తాయి, పైగా మరమ్మతు చేసుకునే సత్తా ఆ కణానికి చాలా తక్కువ. పొగతాగడం, వృషణాలకు వేడి తగలడం, వెరికోసీల్ (వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం) ఈ నష్టాన్ని పెంచేవే. కొత్త కణం తయారవడానికి దాదాపు 70 రోజులు, ఆపైన పరిపక్వం కావడానికి ఇంకొన్ని రోజులు పడతాయి కాబట్టి, సిగరెట్ మానేసిన రెండు వారాలకే మళ్లీ టెస్టు చేయించుకుని దయచేసి నిరుత్సాహపడకండి. 3 నెలలు ఆగండి.

అన్నట్టు, ఇంత పనిచేసిన ఆ మైటోకాండ్రియా బిడ్డకు అందవు, ఫలదీకరణ అయ్యాక అండమే వాటిని ఏరి నాశనం చేస్తుంది. మనలోని మైటోకాండ్రియా డీఎన్ఏ, అందులోని 37 జన్యువులు, అమ్మ ఇచ్చినవే.