మచ్చుకత్తితో శ్రీశైలం కాలిబాటలో

శనగ కోతలు అయిపోయి చేతిలో పని లేని రోజుల్లో మా వైపు ఒక పని దొరుకుతుంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం పోయే పాత కాలిబాటను శివరాత్రిలోపు బాగు చేయాలి. కాగితాల్లో దీని పేరు జంగిల్ క్లియరెన్స్. మేమనేది కంప కొట్టడం. శివరాత్రికి శివస్వాములు, మొక్కు ఉన్నవాళ్లు ఈ దారినే నడుస్తారు. ఆ తర్వాత ఉగాదికి కర్ణాటక భక్తులు వస్తారు. ఒక్క వానాకాలం వదిలేస్తే చాలు, పరికి కంప, లంటానా, శీకాయ తీగ రెండు పక్కల నుంచీ అల్లుకుని మనిషి వంగి కూడా దూరలేనంతగా దారి మూసేస్తాయి. మొన్నటి సీజన్‌లో ఆ గుంపులో నేనూ కూలికి చేరాను.

కత్తి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. టౌన్‌లో హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రేకు కత్తులు తేలిగ్గా ఉంటాయి, చూపుకీ బాగుంటాయి. గడ్డికీ లేత కొమ్మలకీ అవి చాలు. బొటనవేలంత లావు ఎండు కొమ్మ తగిలిందంటే మాత్రం చెయ్యి జిల్లుమంటుంది, రేకు వంగుతుంది. అందుకని పక్కూరి కొలిమికి పోయి మచ్చుకత్తి చేసిమ్మని అడిగాను.

ఆచారి మొదట అడిగిన మాట, "పొలం గట్టుకా, అడవికా?" గట్టు మీద తుమ్మ కొమ్మలు కొట్టే కత్తికి బరువు ఎక్కువ పెడతారు. నిలబడిన చోటే నాలుగు దెబ్బలు వేస్తే పని అయిపోతుంది. బాట కొట్టేవాడు పొద్దంతా చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉండాలి. "ముప్పావు కిలో దాటిందంటే మధ్యాన్నానికి నువ్వే యాడో ఒకచోట పారేసి వస్తావు నాయనా" అన్నాడు. ముప్పావు కిలో లోపే చేయించుకున్నాను. అడుగు పొడవు, చివర ముందుకు వంగిన చిన్న కొక్కెం. ఆ కొక్కెం అలంకారానికి కాదని అడవిలోకి పోయాక బాగా తెలిసింది.

ఇనుము లారీ కమాను పట్టీది. కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. కిటికీ చువ్వల్లాంటి మెత్తటి ఇనుములో అందులో సగం కూడా ఉండదు, అందుకే దాన్ని ఎంత కాల్చి ముంచినా పదును నిలవదు. పట్టీని ఎర్రగా కాల్చి ఉలితో కోసి, దాకలి మీద పెట్టి, ఆచారి చిన్న సుత్తితో చోటు చూపిస్తుంటే అతని కొడుకు సమ్మెట వేశాడు. 8 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ వెనక వైపు 5కి దిగింది, అంచు వైపు ఇంకా పలచబడింది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పనితనం ఆ తర్వాతే ఉంది.

"పాయనం పొద్దు గూకినాక పెడదాం, అప్పుడు రా" అన్నాడు. పాయనమంటే ఇనుమును కాల్చి ముంచి పదును నిలిచేలా చేయడం. పట్టపగలు ఎండలో ఇనుము రంగు మోసం చేస్తుందట. సాయంత్రం పోయేసరికి కొలిమి పక్కన పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం తీగకు వేలాడుతోంది. కత్తిని కాల్చడం, బయటికి తీసి అయస్కాంతానికి ఆనించడం, మళ్లీ కొలిమిలో పెట్టడం. సుమారు 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతానికి అతుక్కోదు. అతుక్కోవడం మానేశాక ఇంకొంచెం వేడి పట్టనిచ్చి, అంచు వైపు ఒక అంగుళం మాత్రమే వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ముంచాడు. గుప్పుమని పొగ, మంట. వెనక వైపు ఇంకా ఎర్రగానే ఉంది. నూనె తుడిచి ఇటుక ముక్కతో అంచును గబగబా రుద్దితే తెల్లటి ఇనుము బయటపడింది. వెనక దాగి ఉన్న వేడి అంచు వైపు పాకుతుంటే ఆ తెల్లటి భాగం మీద రంగులు నడిచాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ రంగు, ఆ వెనక ఊదా. ఊదా రంగు అంచును తాకగానే కత్తిని మొత్తంగా ముంచేశాడు. గడ్డి రంగు దగ్గరే ఆపితే అంచు ఇంకా గట్టిగా ఉండేది, కానీ గట్టి దెబ్బకు పెంకులు లేచేది. నీలం దాకా పోనిస్తే మెత్తబడి మడత పడేది.

చల్లారాక ఆకురాయి నా చేతికిచ్చి అంచు మీద తోయమన్నాడు. ఆకురాయి అద్దం మీద జారినట్టు జారిపోతే కత్తి మరీ గట్టిదని లెక్క, తోసేకొద్దీ పొడి రాలితే సరిపోయినట్టు. నా కత్తి ఆకురాయిని పట్టింది. షేవింగ్ బ్లేడులా ఉండే కత్తులను మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అడవి పనికి నా ఓటు మాత్రం మొద్దుబారినా చెట్టు కింద కూర్చుని అయిదు నిమిషాల్లో మళ్లీ నూరుకోగలిగే కత్తికే.

పిడికి చిరుమాను కర్ర పెట్టాడు. మా వైపు బండి ఇరుసులకు వాడిన కర్ర అది, దెబ్బలకు చీలదు. కత్తి తోక పిడిని దాటి అవతలి చివర బయటికి వచ్చి వంగి ఉంటుంది కాబట్టి పిడి వదులైనా కత్తి ఊడి ఎగరదు. ముందువైపు పైపు ముక్కతో పొన్ను, అంటే పిడిని బిగించే కట్టు, వేశాడు. వార్నిష్ వద్దన్నాను. చెమట పడితే వార్నిష్ జారుతుంది, బొబ్బలూ దాంతోనే ఎక్కువ. గాజు పెంకుతో గీకి, ఆముదం పట్టించి ఎండలో పెట్టాను.

కత్తి ఉంది కదా అని అడవిలోకి పోవడానికి లేదు. ఇది టైగర్ రిజర్వ్. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లాలంటే ముందే రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ చట్టం లెక్కలో కత్తి కూడా ఆయుధమే. మా పేర్లు జాబితాలో రాసుకుని, బీట్ ఆఫీసర్, ఇద్దరు వాచర్లు తోడు వచ్చారు. బాట మీదికి వాలిన కంప, తీగలు, పడిపోయిన కొమ్మలు మాత్రమే కొట్టాలి, నిలబడిన చెట్టును ముట్టకూడదు. పొద్దు వాలేలోపు బయటికి రావాలి.

మా గుంపులో పెద్దచెరువు గూడెం నుంచి వచ్చిన చెంచు పెద్దాయన ఒకరున్నారు. ఆయన కత్తి ఆడిస్తుంటే పని చేస్తున్నట్టే ఉండదు. దెబ్బకు ముందు పిడిని వదులుగా పట్టుకుంటారు, తగిలే క్షణంలో వేళ్లు బిగుస్తాయి. "కత్తి బరువు కోస్తాది, నువ్వు దారి చూపిస్తే చాలు" అన్నారు. అడ్డంగా కొడితే నార తెగదు, కత్తి ఎగిరి వెనక్కి వస్తుంది. కొమ్మకు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో వేస్తే ఒక్క దెబ్బకు పోతుంది. దెబ్బ తప్పితే కత్తి ఎక్కడికి పోతుందో ముందే చూసుకుని, ఆ దారిలో కాలు లేకుండా నిలబడాలి. ఎడమ చెయ్యి కొమ్మ దగ్గర ఉండకూడదు. కంపను లాగాలంటే కొక్కెం ఉంది. పరికి కంప ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి, చేత్తో లాగితే చొక్కా, చర్మం కలిపి చీరేస్తాయి. కొక్కెంతో కొమ్మను పైకెత్తి, మొదట్లో ఒక దెబ్బ వేసి, అదే కొక్కెంతో పక్కకు ఈడ్చేస్తాం. మనిషికీ మనిషికీ మధ్య కనీసం రెండు బారల దూరం. పొద మీద దెబ్బ వేసే ముందు కర్రతో ఒకసారి కదిలించి చూడాలి, కందిరీగలు ఉంటే అక్కడి నుంచి నెమ్మదిగా వెనక్కి రావడమే.

వెదురు వేరే లెక్క. విరిగి వంగిన బొంగు విల్లులా బిగిసి ఉంటుంది. వంపు బయటి వైపున కొడితే చీలి మొహం మీదికి లేస్తుంది. ముందు లోపలి వైపు చిన్న గాటు పెట్టి, బిగువు కాస్త తగ్గాక, పక్కకు జరిగి బయటి వైపు తెంచాలి.

ఇంకొకటి ఆఫీసర్ పదే పదే చెప్పింది, మొదలు నేలకు సమంగా కోయాలని. చాలామంది భక్తులు చెప్పుల్లేకుండా నడుస్తారు. ఏటవాలుగా కోసి వదిలేసిన బెత్తెడు మోడు మేకుతో సమానం, రాత్రి నడిచేవాళ్లకు కనిపించదు కూడా. నేలకు సమంగా కోయడమంటే కత్తి మట్టిని, రాయిని తాకుతుంది. అందుకని ముందు మోకాలెత్తులో నరికేసి, మొదటి చుట్టూ మట్టి కాలితో తోసి, ఆఖరి దెబ్బ జాగ్రత్తగా వేసేవాణ్ణి. కొట్టిన కంపను కుప్ప పెట్టకుండా దూరంగా చెదరగొట్టాలి. ఫిబ్రవరి నుంచి అడవికి అగ్గి భయం, ఎండిన కుప్పకు బీడీ నిప్పు చాలు.

అంచు పోయిందో లేదో వేలితో చూడక్కర్లేదు. కత్తిని ఎండకు తిప్పితే మొద్దుబారిన చోట సన్నటి తెల్లగీత మెరుస్తుంది, పదునున్న చోట మెరుపు ఉండదు. ఆ గీత కనిపిస్తే ఆకురాయి తీసేవాణ్ణి. కత్తిని మోకాళ్ల మధ్య బిగించి, ఆకురాయిని ముందుకే తోయాలి. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి, లేకపోతే ఆకురాయి పళ్లు అరిగిపోతాయి. రెండు వైపులా సమానంగా తోశాక అవతలి వైపు గరగర తగులుతుంది. దాన్ని చిన్న సానరాయితో రెండు రుద్దులు రుద్దితే పని అయిపోతుంది. తోసే చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోవడం మరవద్దు, నూరేటప్పుడు కూడా కత్తి గాయాలు అవుతాయి.

గుంపులో ఒకతను టౌన్‌లో కరెంటు గ్రైండర్ మీద పట్టించుకొచ్చాడు. తళతళలాడే అంచు, చివర నీలం మచ్చలు. ఆ మచ్చలు చూసే పెద్దాయన తల అడ్డంగా ఊపారు. పూట గడవకముందే నీలం ఉన్న చోటల్లా అంచు మడత పడింది. గ్రైండర్ వేడికి ఆచారి పెట్టిన పాయనం అంతా దిగిపోతుంది. ఆకురాయితో దాన్ని బాగు చేయలేం, నీలం పోయేదాకా అరగదీయాలి, లేదంటే మళ్లీ కొలిమికే.

భీముని కొలను దగ్గర రాతి మెట్లు వచ్చాయి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించిన మెట్లని చెబుతారు. లోయలోకి దిగి మళ్లీ కైలాస ద్వారం వైపు ఎక్కాలి. రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డి, పొదలు తీయడానికి అక్కడ మచ్చుకత్తి బయటికి తీయలేదు. పాత కొడవలితో గీరడం, వేళ్లతో పీకడం. వీపు విరిగింది కానీ కత్తి అంచు మిగిలింది.

సాయంత్రం ఎంత అలిసినా కత్తి తుడవకుండా పడుకోకూడదు. చెట్ల పాలు, జిగురు ఆరితే తుప్పుకు ముందు అదే దారి. కిరోసిన్ గుడ్డతో జిగురు తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఆముదం పలచగా రాస్తే చాలు. ఒర మాత్రం నేనే చేసుకున్నాను. పీవీసీ పైపు ముక్కను పొయ్యి సెగకు మెత్తబరిచి, రెండు పలకల మధ్య నొక్కి, అంచు వైపు రివెట్లు కొట్టాను. కింద ఒక చిల్లు పెట్టాను, లేకపోతే చెమ్మ లోపలే ఉండిపోతుంది. చిల్లు ఉన్నా రాత్రుళ్లు కత్తిని ఒరలో ఉంచను.

పని అయ్యాక కత్తిని మళ్లీ ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. నూరినకొద్దీ అంచు వెనక్కి జరిగి మందం భాగానికి చేరుతుంది, అప్పుడు ఎంత నూరినా కత్తి కోయడం మాని చీలుస్తుంది. దాన్ని మళ్లీ కాల్చి సాగదీసి, పాయనం కొత్తగా పెట్టాలి. ఆయన వేలితో మందం తడిమి చూసి, "ఇంకో సీజన్ వస్తాది, ఇప్పుడే కాల్చేది వద్దు" అని తిరిగి ఇచ్చేశాడు. పిడి దగ్గర కాస్త వదులైంది, ఎండకు కర్ర గుంజుకుపోయి. నీళ్లలో నానబెడితే ఒక రోజు బిగుస్తుంది, మర్నాటికి మళ్లీ అంతే. పొన్ను తీసి సన్నటి వెదురు చీలిక దిగగొట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.