అవోమోరి నెబుతలో నేనూ గెంతాను

మా తమ్ముడు టోక్యోలో, నిషికసాయ్‌లో ఉంటాడు. పోయిన వేసవిలో నెల రోజులు వాళ్ళింట్లో ఉండి వద్దామని వెళ్ళాను. బయల్దేరే ముందే ఒకటి గట్టిగా అనుకున్నాను, ఆగస్టు మొదటి వారంలో జపాన్ ఉత్తరాన ఉన్న అవోమోరి ఊరికి వెళ్ళి, పెద్ద పెద్ద కాగితపు దీపాల బొమ్మలను ఊరేగించే నెబుత పండుగ చూడాలని. చూడాలని మాత్రమే. అందులో నేనూ ఆడొచ్చని నాకు తెలియదు.

"చూసి రావడం ఏంటక్కా, పండుగ బట్టలు కట్టుకుంటే నువ్వూ ఆడొచ్చు" అన్నాడు తమ్ముడు. నమ్మబుద్ధి కాలేదు. పరదేశం నుంచి వచ్చినదాన్ని, భాష రాదు, నన్ను ఎవరు రానిస్తారు అనిపించింది. కానీ వాడు చెప్పింది నిజమే. ఊరేగింపులో గెంతుతూ సాగేవాళ్ళను హనెతో అంటారు. హనేరు అంటే గెంతడం. ముందుగా పేరు ఇవ్వక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ఆ ఊరివాళ్ళే అయ్యుండక్కర్లేదు. వేషం మాత్రం పద్ధతిగా, పూర్తిగా ఉండాలి. సగం సగం కట్టుకుని వస్తే రానివ్వరు.

పండుగ ఏటా ఆగస్టు 2 నుంచి 7 దాకా. ఆ వారం అవోమోరిలో గది దొరకడం చాలా కష్టం. మే నెలలోనే వెతికినా నాకు ఊళ్ళో దొరకలేదు. చివరికి హిరోసాకిలో తీసుకున్నాను. అక్కడి నుంచి మామూలు రైల్లో ముప్పావుగంట. వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే, అవోమోరిలో గది లేదని మానుకోకండి, చుట్టుపక్కల ఊళ్ళు చూడండి. పైగా హిరోసాకికి తన సొంత పండుగ ఉంది. దాన్ని నెపుత అంటారు, బుకారం కాదు, పుకారం. అక్కడ దీపాల బొమ్మలు విసనకర్ర ఆకారంలో ఉంటాయి. ముందు రోజు రాత్రి అదీ చూశాను.

షిన్‌కన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు టికెట్టు ప్రయాణానికి సరిగ్గా నెల ముందు, పొద్దున పదింటికి అమ్మకానికి వస్తుంది. అవోమోరి వైపు వెళ్ళే హయబుసా రైల్లో అన్నీ రిజర్వు సీట్లే. తమ్ముడు ఆ పూట ఫోను పట్టుకుని కూర్చుని తీసిపెట్టాడు. టోక్యో నుంచి షిన్-అవోమోరికి మూడు గంటల పైచిలుకు. అక్కడ రైలు మారితే అవోమోరి ఒక్క స్టేషనే.

ఆగస్టు 5 మధ్యాహ్నానికి హిరోసాకి నుంచి అవోమోరి చేరాను. తిన్నగా సముద్రం ఒడ్డున ఉన్న రస్సెలాండ్‌కు నడిచాను. పెద్ద పెద్ద గుడారాలు వేసి నెబుతలను తయారుచేసేది అక్కడే. పగటి వెలుతురులో, దీపాలు లేకుండా వాటిని చూడటం నాకు రాత్రి కన్నా తక్కువ అనిపించలేదు. ఒక్కోటి 9 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు ఉండొచ్చు, బండితో కలిపి దాదాపు 4 టన్నుల బరువు. కర్రలతో నిలబెట్టి, తీగను వంచి ఒళ్ళు కట్టి, లోపల బల్బులు బిగించి, పైన వాషి అనే జపాన్ కాగితం ముక్కలు ముక్కలుగా అంటిస్తారు. నల్ల సిరాతో గీతలు గీస్తారు. కరిగిన మైనంతో కొన్ని చోట్ల గీస్తారు, మైనం ఉన్నచోట రంగు పాకదు, వెలుగు తెల్లగా బయటికి వస్తుంది. తర్వాతే రంగులు. కోరలు బయటపెట్టి, ఒక చేత కత్తి, ఒక చేత తాడు పట్టుకుని, చుట్టూ మంటలతో ఉన్న బొమ్మ ముందు చాలాసేపు ఆగిపోయాను. ఫోటో పంపితే తమ్ముడు చెప్పాడు, ఫుదో మ్యోఓ అట, సంస్కృతంలో అచలనాథుడు. మన దేశం నుంచి బౌద్ధంతో బయల్దేరి ఇంత ఉత్తరానికి వచ్చి, కాగితంలో దీపమై నిలబడ్డాడు.

ఈ బొమ్మలు చేసేవాళ్ళను నెబుత-షి అంటారు. ఎన్నో ఏళ్ళు మగవాళ్ళ పనిగానే నడిచింది. 2012లో కితమురా అసకో తన మొదటి పెద్ద నెబుతను బయటికి తెచ్చి, ఈ పనిలో మొదటి మహిళ అయ్యారు. ఆమె తండ్రి కూడా పేరున్న నెబుత-షి. పండుగ అయిపోయాక వీటిలో చాలా వాటిని విప్పేస్తారు. కొన్నింటిని మాత్రం స్టేషన్ పక్కన 2011లో తెరిచిన వా-రస్సె మ్యూజియంలో ఉంచుతారు. ఏడాదంతా చేసిన పని ఆరు రోజులకు. ఆ సంగతి తెలిశాక ఆ గుడారాల మధ్య గట్టిగా మాట్లాడాలనిపించలేదు.

మూడింటికి బట్టల దుకాణానికి వెళ్ళాను. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. నెల ముందే మెయిల్‌లో మాట్లాడుకున్నాను, రమ్మని జవాబు కూడా వచ్చింది. తీరా వెళ్తే వాళ్ళ పుస్తకంలో నా పేరు లేదు. అద్దెకిచ్చే బట్టలన్నీ అయిపోయాయన్నారు. తమ్ముడికి ఫోన్ చేసి మాట్లాడించాను. వాళ్ళు పదే పదే తల వంచి క్షమించమన్నారు కానీ బట్టలు లేవు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత దూరం వచ్చి రోడ్డు పక్కన నిలబడి చూసి పోవాలా అని.

"ఏడవకక్కా, అక్కడే ఉండు" అని తమ్ముడు నాలుగైదు చోట్లకు ఫోన్లు చేశాడు. రెండు వీధుల అవతల ఒక చిన్న కొట్టులో ఒక్క జత ఉందన్నారు. పరుగున వెళ్ళాను. అద్దె, కట్టించడం కలిపి 5,000 యెన్‌ల లోపే అయింది. మర్నాడు మధ్యాహ్నం లోగా తిరిగి ఇస్తే చాలన్నారు.

కట్టించింది డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ. మొదట మోకాళ్ళ కింద కనిపించేలా గులాబీ రంగు లోపావడా, దాన్ని ఒకోషి అంటారు. దాని మీద బొమ్మలు అద్దిన యుకతా, అంటే నూలు కిమోనో, అంచు పైకి మడిచి. నేను గబగబా కుడివైపు పైకి వచ్చేలా కప్పుకోబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎడమవైపే పైకి రావాలి. కుడివైపు పైకి కట్టేది పోయినవాళ్ళకు. ఆ సంగతి చెప్పడానికి ఆవిడ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించి చూపించింది, ఎవరూ అనువదించకుండానే అర్థమైంది. తర్వాత నడుముకు షిగోకి అనే పట్టీ, భుజాల చుట్టూ తసుకి అనే పట్టీ, తెల్ల మేజోళ్ళు, గెంతేటప్పుడు ఊడకుండా తాడుతో కట్టిన చెప్పులు. తల మీద కాగితం పూలు కుట్టిన టోపీ. చివర్లో పిన్నీసులతో బట్టల నిండా మువ్వలు గుచ్చింది. నా చీర కుచ్చిళ్ళు మా అమ్మ సర్దినట్టే సర్దింది, నోట్లో పిన్నీసు పెట్టుకుని మరీ.

తిండి గురించి ఒక్క మాట. నేను శాకాహారిని. పండుగ వీధిలో ఎక్కడ చూసినా కాల్చిన హొతతె గుల్లలు, సముద్రం తిండే. ఉప్పు వేసిన అన్నం ముద్దలు, ఉడికించిన పచ్చి సోయా కాయలు, అక్కడి ఆపిల్ రసంతో సరిపెట్టుకున్నాను. గెంతడానికి అవి చాలు.

ఏడింటికి కాస్త ముందు, నెబుతలు వరుసగా ఆగి ఉన్న వీధిలోకి వెళ్ళి, ఏ గుంపులో చేరాలో తెలియక నిలబడ్డాను. మా మధ్యాహ్నపు అచలనాథుడు కనిపించాడు. లోపల దీపాలు వెలిగి కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ఆ గుంపులోకే వెళ్ళి తల వంచాను. ఒకమ్మాయి నా బట్టలను కింది నుంచి పైదాకా చూసి, సరే అన్నట్టు నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చింది. అంతే. అప్పుడు నాకు ఆ షరతు అర్థమైంది. ఎవరు నువ్వు, ఎక్కడి నుంచి వచ్చావు అని అడగకుండా ఉండటానికే బట్టలు అంత కచ్చితంగా ఉండమంటున్నారు.

డప్పులు, వేణువులు, చేతి తాళాలు ఒక్కసారిగా మోగాయి. ముందున్నవాళ్ళు "రస్సేరా, రస్సేరా" అని అరుస్తారు, మనం "రస్సే రస్సే రస్సేరా" అనాలి. కుడికాలి మీద రెండు గెంతులు, ఎడమకాలి మీద రెండు. చెప్పడానికి ఇంతే. పది నిమిషాలకు నా పిక్కలు పట్టేశాయి. మాది కరీంనగర్, చిన్నప్పటి నుంచి బతుకమ్మ ఆడినదాన్ని. అక్కడ వంగి, చప్పట్లు కొట్టి, అడుగు నేల మీదే వేస్తాం. ఇక్కడ నేలను వదలాలి. నేను ఆగినప్పుడల్లా ఆ అమ్మాయి చెయ్యి పట్టి లాగింది. కూడళ్ళలో విసనకర్ర పట్టుకున్నాయన ఈల వేయగానే, బండిని తోసేవాళ్ళు ఆ నాలుగు టన్నుల బొమ్మను గిర్రున తిప్పి జనం మీదికి వంచేవాళ్ళు. దానికి ఇంజను లేదు, మనుషుల చేతులే.

నెబుత అన్న మాట నిద్రమత్తుకు సంబంధించిందని చెబుతారు. ఎండాకాలం పొలం పనుల్లో కమ్మే మత్తును నీళ్ళలో వదిలే పాత ఆచారం నుంచి, దీపాలు నదిలో వదలడం నుంచి ఇది పెరిగిందట. 7వ తేదీ రాత్రి బహుమతి వచ్చిన నెబుతలను పడవల మీద సముద్రంలోకి తీసుకెళ్తారు, బాణసంచా కాలుస్తారు. నేను అప్పటికి ఉండలేకపోయాను. సద్దుల బతుకమ్మ నాడు చెరువు దాకా వెళ్ళకుండా ఇంటికి వచ్చేసినట్టుంది ఇప్పటికీ. వెళ్ళేవాళ్ళు 7 దాకా ఉండేలా చూసుకోండి.

గెంతుతుంటే మువ్వలు రాలిపోతాయి. రోడ్డు పక్క కూర్చున్న పిల్లలు అవి ఏరుకుంటారు, దొరికితే అదృష్టమని నమ్మకం. ఒక చిన్నపాప చెయ్యి చాపింది. పిన్నీసు తీసి ఒకటిచ్చాను. దాని పక్కనున్న తమ్ముడికీ ఒకటి. తర్వాత అడిగినవాళ్ళందరికీ.

తొమ్మిదింటికి అంతా అయింది. హిరోసాకి రైలు కిక్కిరిసి ఉంది, సగం మంది నాలాగే హనెతో బట్టల్లోనే. ఎవరూ మాట్లాడటం లేదు, చాలామంది నిలబడే కునుకు తీస్తున్నారు. నా నడుము దగ్గర రెండు మువ్వలు మిగిలాయి. స్టేషన్ వచ్చి రైలు ఆగిన ప్రతిసారీ పెట్టె అంతా ఒక్కసారి గలగలమనేది, అందులో నావీ కలిసి.