మిగిలిన మేత

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల మీద నాయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పుడు మలేషియాలో, బోర్నియో దీవిలోని సరవాక్ రాష్ట్రంలో, అదే పని చేస్తున్నాను. రొయ్యకు ఆదివారం లేదు కాబట్టి మాకూ లేదు. వచ్చిన పద్నాలుగు నెలలకు ఒక రోజు పూర్తి సెలవు దొరికితే రాష్ట్ర రాజధాని కుచింగ్ బస్సెక్కాను.

ముందు సెమెంగో వెళ్ళాను. కుచింగ్‌కు సుమారు ఇరవై కిలోమీటర్లు. తల్లిని పోగొట్టుకున్న, ఇళ్ళలో బంధించి పెంచిన ఒరాంగుటాన్ అనే పెద్ద కోతులను మళ్ళీ అడవికి అలవాటు చేయడానికి 1975లో పెట్టిన కేంద్రం అది. ఇప్పుడవి చుట్టూ ఉన్న అడవిలోనే తిరుగుతాయి. పొద్దున, మధ్యాహ్నం చెక్కబల్ల మీద పండ్లు పెడతారు, కావాలంటే వచ్చి తింటాయి.

తొమ్మిది గంటలకు అరటిపండ్లు పెట్టారు. గార్డు నోటితో కూత పెట్టి పిలిచాడు. గంట గడిచింది. ఒక్కటీ రాలేదు. మళ్ళీ సెలవెప్పుడో అనుకుంటే గొంతు పట్టేసింది. నా మొహం చూసి ఆ గార్డే దగ్గరికొచ్చి, అడవిలో పండ్ల కాలం నడుస్తోంది, వాటికి మా తిండితో పనిలేదు, మాకు ఇంతకంటే మంచి వార్త లేదు అన్నాడు.

రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే మాకు వెన్నులో వణుకు. రొయ్యకు జబ్బేమోనని ఆ రాత్రంతా నిద్ర ఉండదు. మేత మిగిలితే సంతోషపడే మనిషిని మొదటిసారి చూశాను. ఆ బల్ల మీది అరటిపండ్లను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఊళ్ళోకొచ్చాను. మనకు రాజా అంటే వెంకటగిరి రాజా. ఇక్కడ 1841 నుంచి మూడు తరాలు ఇంగ్లీషువాళ్ళే రాజాలు. జేమ్స్ బ్రూక్‌తో మొదలై 1946 వరకు ఆ కుటుంబమే ఏలింది. వాళ్ళు 1879లో కట్టిన మార్గరీటా కోట ఏటి అవతలి ఒడ్డున తెల్లగా కనబడుతుంది. పైకప్పున్న చిన్న చెక్క పడవలో దాటాను. కోటకంటే నాకా పడవే నచ్చింది. బడిపిల్లలు, కూరగాయల సంచులు, నేను.

పడవలోనుంచే నాయనకు వీడియో కాల్ చేశాను.

"ఏరు నిండా పారతా ఉండాదే!" అన్నాడు. మా నెల్లూరులో రంగనాయకుల గుడి వెనక పెన్న నిండాలంటే సోమశిల డ్యామ్ నుంచి నీళ్ళు వదలాలి. అందుకే ఫోన్ రెండు ఒడ్లకూ తిప్పి నెమ్మదిగా చూపించాను. పొద్దున జరిగిందంతా చెప్పాను.

నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"ఆ మిగిలిన పండ్లు ఎత్తేశారా అబ్బయ్యా, అక్కడే కుళ్ళనిచ్చారా?"

"చూళ్ళేదు నాయనా" అన్నాను.