మనలను వెంబడింపనివాడు

మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో యోహాను యేసుతో అంటాడు: "బోధకుడా, నీ పేరట ఒకడు దయ్యములను వెళ్లగొట్టుట చూచితిమి; వాడు మనలను వెంబడింపనివాడు గనుక వానిని ఆటంకపరచితిమి." ప్రభువు జవాబు: "వానిని ఆటంకపరచకుడి... మనకు విరోధికానివాడు మన పక్షముగా నున్నవాడే."

కొంచెం పైకి వెళ్లి చదవండి. దయ్యం పట్టిన కొడుకును ఒక తండ్రి తీసుకొస్తే బాగుచేయలేకపోయింది ఈ గుంపులోని శిష్యులే. ఆ తర్వాత దారి పొడవునా తమలో ఎవడు గొప్పవాడని వాదించుకున్నారు. తమ చేతకాని పనిని తమ గుంపులో లేనివాడు చేస్తుంటే ఓర్చుకోలేకపోయారు. అతని వల్ల ఎవరు బాగుపడ్డారో యోహాను చెప్పనేలేదు. చదివిన ప్రతిసారీ నాకు బాధ కలిగించేది అదే.

ఈ వచనం దగ్గర నాకు కలగర సుబ్బారావు గుర్తొస్తారు. మన ఆంధ్రలో హెడ్మాస్టరుగా పనిచేశారు. 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పేవారు. క్రీస్తును గురువుగా కొలిచారు, పాటలు రాశారు, ఆయన పేరట రోగుల కోసం ప్రార్థించారు. 1981లో కన్నుమూసేదాకా బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు, సంఘంలో చేరలేదు. పైగా బాప్తిస్మాన్ని గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో అన్నిటికీ నేను ఒప్పుకోను. అయినా ఆయన్ని ఆటంకపరిచే అధికారం నాకుందని అనుకోను.

ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, కరువులో నలిగినవాళ్లు. ఊరు వెలివాడకు నెట్టినవాళ్లకు ఆ నీళ్లు దేవుని పిల్లలమన్న గౌరవాన్నిచ్చాయి. ఊళ్లో మర్యాద ముందే ఉన్నవారు 'క్రైస్తవుడు' అన్న పేరు వద్దనుకోగలరు. దాన్ని పట్టుకునే తలెత్తుకున్న కుటుంబాలను 'పేరుదేముందిలే' అనడం అన్యాయం. నా బాప్తిస్మాన్ని నేను వదులుకోను.

"నా పక్షమున నుండనివాడు నాకు విరోధి" అని కూడా యేసే అన్నాడు కదా అంటారు. అన్నాడు, మత్తయి పన్నెండులో. గుడ్డివాడూ మూగవాడూ అయిన మనిషి బాగుపడితే, అది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అన్న పరిసయ్యులతో అన్న మాట అది. కళ్లముందు మేలు జరుగుతుంటే దానికి సాతాను పేరు పెట్టినవాళ్లకది హెచ్చరిక. బయట ఉండి మేలు చేస్తున్నవాడి మీద దాన్ని ప్రయోగించడం నాకు భయం. పాళెంలో ప్రవచిస్తున్న ఎల్దాదు, మేదాదులను ఆపమన్న యెహోషువకు, దేవుని ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత మేలని మోషే చెప్పిన జవాబు సంఖ్యాకాండం పదకొండులో ఉంది.

యోహానుకు జవాబిస్తూ ప్రభువు ఇంకో మాట అన్నాడు: మీరు క్రీస్తువారని మీకు గిన్నెడు నీళ్లు ఇచ్చినవాడు తన ఫలము పోగొట్టుకొనడని. అక్కడ దాహంతో ఉన్నవాళ్లు శిష్యులు. నీళ్లిచ్చేవాడికి ఏ గుంపన్న షరతు లేదు.

మన ఆరాధనల్లో బొట్టుతో వచ్చి వెనక బెంచీలో కూర్చునే అక్కలు ఉంటారు. ఇంట్లో ఒప్పుకోక కొందరు, తమకే ఇష్టంలేక కొందరు బాప్తిస్మం తీసుకోరు. "ఎప్పుడు తీసుకుంటారమ్మా?" అన్నదే మనం వాళ్లను అడిగే మొదటి ప్రశ్న. వాళ్లతో ఒక్కసారి ప్రార్థన చేయించండి అని మా సంఘ పెద్దలను అడుగుతూనే ఉన్నాను.