డెస్క్‌టాప్ ఏదో ముందు డిస్ట్రో చెప్పాలి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయిన దగ్గర్నుంచీ గుంటూరులో నాకు తెలిసినవాళ్ళు చాలామంది పాత కంప్యూటర్ల గురించి అడుగుతున్నారు, విండోస్ పదకొండు ఎక్కదంట, అది అడిగే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్పు లేదంట, ప్రాసెసర్ పాతదంట, షాపులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారంట, ఏం చెయ్యమంటావ్ అని. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోండి, బ్రౌజరూ, వర్డూ ఎక్సెల్ పనులు చేసిపెట్టే లిబ్రేఆఫీసూ ఉంటే మీ పని జరిగిపోయిద్ది అంటాను. లినక్స్‌ని ఒక్కొక్కళ్ళు ఒక్కో పేరుతో సిద్ధం చేసి ఇస్తారు, ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అని, వాటినే డిస్ట్రోలు అంటారు. ఏ లినక్స్ అన్నదానికి అందులో ఒక పేరు చెప్తే ఊరుకుంటారు. జనం నిలబడిపోయేది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర. డౌన్‌లోడ్ పేజీలోనో ఇన్‌స్టాల్ చేసేటప్పుడో గ్నోమ్ కావాలా, కేడీఈ ప్లాస్మా కావాలా, ఎక్స్ఎఫ్‌సీఈ కావాలా, సిన్నమన్ కావాలా అని అడుగుద్ది చూడండి, అక్కడ.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్తాను. విండోస్‌లో స్టార్ట్ మెనూ, కింద టాస్క్‌బార్, ఫోల్డర్లు చూపించే ప్రోగ్రామ్, సెట్టింగులు అన్నీ కలిపి ఒకటే ఇస్తారు, అది నచ్చకపోతే చేసేదేం లేదు. లినక్స్‌లో ఆ పైభాగం మొత్తం విడిగా ఉంటది, దాన్నే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు, ఒకటి తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, కింద మెషీన్‌ని నడిపించే కెర్నెలూ మన ఫైళ్ళూ ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇన్ని ఎందుకు, అందరూ కలిసి ఒక్కదాన్నే బాగు చెయ్యొచ్చుగా అనేవాళ్ళు ఉన్నారు. ఎంచుకునే హక్కే లినక్స్ అంటే, డిస్ట్రో అనేది అన్నీ ఇచ్చి తీరాలి అనేవాళ్ళూ ఉన్నారు. నేను చెప్పేదేందంటే, ఛాయిస్ ఉండాలి, కచ్చితంగా ఉండాలి, కానీ ఆ ప్రశ్నని అప్పుడే వచ్చిన మనిషి ముందు పెట్టకూడదు. డిస్ట్రో తనే ఒకటి ఎంచి ఇది మేం వాడి చూశాం, దీనికి పూచీ మాది అని చెప్పాలి, మిగతావి ఎన్ని ఇవ్వాలి అనేది వాటిని చూసుకోడానికి ఎంతమంది మనుషులున్నారో దాన్ని బట్టి ఉండాలి.

బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పే ఒక టీచరుగారి కంప్యూటర్లో డెబియన్ వేస్తుంటే ఆవిడ పక్కనే కూర్చుని చూస్తున్నారు. సాఫ్ట్‌వేర్ సెలక్షన్ స్క్రీన్ వచ్చింది. గ్నోమ్, ఎక్స్ఎఫ్‌సీఈ, గ్నోమ్ ఫ్లాష్‌బ్యాక్, కేడీఈ ప్లాస్మా, సిన్నమన్, మాటే, ఎల్ఎక్స్‌డీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ అని వరసగా ఎనిమిది పేర్లు, ప్రతిదాని పక్కనా టిక్కు పెట్టుకునే డబ్బా. "ఏంది బాబూ ఇవన్నీ, అన్నిటికీ టిక్కు పెడితే పోలా?" అన్నారు. పెట్టొచ్చు, అది వద్దనదు, ఎనిమిదీ దిగుతాయి. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది, ఆ స్క్రీన్ మీద ఒక్క బొమ్మ లేదు, ఏది ఎట్టాంటి మనిషికి పనికొచ్చిద్దో ఒక్క వాక్యం లేదు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో అన్ని ప్లాట్‌ఫారాలున్నా ఊరికి కొత్తవాళ్ళు వాళ్ళ బస్సు వాళ్ళు ఎక్కుతున్నారంటే అది ఎంక్వయిరీలో మనిషి ఉండబట్టి, ప్లాట్‌ఫారాలు తగ్గించబట్టి కాదు.

అసలు ఇన్ని ఎట్టా పుట్టాయో తెలిస్తే ఒక్కటి చాలు అనే మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. 1996 అక్టోబర్‌లో మథియాస్ ఎట్రిష్ అనే జర్మన్ విద్యార్థి కేడీఈ మొదలుపెట్టాడు, లినక్స్ ఏ పద్ధతిలో తయారైందో ఆ యూనిక్స్ అంటే కంప్యూటర్ చదివినవాళ్ళకే కాదు, మామూలు మనిషికి కూడా అలివి అయ్యేటట్టు ఉండాలని. దాన్ని క్యూటీ అనే టూల్‌కిట్ మీద, అంటే కిటికీలూ బటన్లూ గీయటానికి రెడీగా దొరికే కోడ్ మీద కట్టాడు, ఆ క్యూటీ లైసెన్స్ అప్పటికి ఎవరైనా మార్చుకుని పంచుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కాదు, అందుకని 1997 ఆగస్టులో మిగెల్ డె ఇకాజా, ఫెడెరికో మెనా కలిసి గ్నోమ్ ప్రకటించారు. 2000లో క్యూటీ జీపీఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కిందకి వచ్చేసింది, అంటే గొడవకి కారణం పోయింది, కానీ ఈలోపు రెండు చోట్లా ప్రోగ్రామర్లు స్థిరపడిపోయారు, కంప్యూటర్ ఎట్టా ఉండాలి అనే దాని మీద రెండు వేరే ఆలోచనలు తయారయ్యాయి. ఒకళ్ళు మీటలన్నీ చేతికిస్తారు, ఇంకొకళ్ళు కనపడేవి తగ్గించి తిన్నగా పని చేసుకోమంటారు. ఈ రెండూ కలిపి ఒకటి చెయ్యండి అంటే ఎవరి ఆలోచన తీసెయ్యాలి?

2011 ఇంకా బాగా గుర్తుంచుకోవాల్సిన సంవత్సరం. ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చి అప్పటిదాకా ఉన్న మెనూనీ ప్యానెల్‌నీ మార్చేసింది, అదే నెలలో ఉబుంటు 11.04 యూనిటీ అనే తన సొంత డెస్క్‌టాప్‌ని డిఫాల్ట్ చేసింది. అలవాటైన స్క్రీన్ పోయిందని బాధపడ్డవాళ్ళు ఊరికే తిట్టుకుంటూ కూర్చోలేదు, గ్నోమ్ 2 కోడ్‌ని పట్టుకుని మాటే పేరుతో బతికించారు, మింట్ వాళ్ళు సిన్నమన్ కట్టుకున్నారు. 2017 వచ్చేసరికి ఉబుంటు యూనిటీని వదిలేసి మళ్ళీ గ్నోమ్‌కి వచ్చేసింది. మధ్యలో ఆ ఆరేళ్ళూ, తర్వాత కూడా, ఎవరికీ కంప్యూటర్ మానెయ్యాల్సిన అవసరం రాలేదు, పక్కన వేరేది ఉంది కాబట్టి. కంపెనీ మనసు మార్చుకున్నప్పుడల్లా మన చేతి అలవాటు మారక్కర్లేదు, నాకు ఛాయిస్ కావాల్సింది ఇందుకే, రంగులూ థీములూ కోసం కాదు.

అట్టాగని ఒక్కటే ఇచ్చి పైకొచ్చినవాళ్ళని తక్కువ చెయ్యను. 2004 అక్టోబర్‌లో మొదటి ఉబుంటు ఒక్క సీడీలో వచ్చింది, ఒక్క గ్నోమ్, ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రామ్, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ గురించి ప్రశ్నే లేదు. అంతకుముందు రెండు మూడు సీడీల్లో ఐదారు టెక్స్ట్ ఎడిటర్లు కుక్కి ఇచ్చే డిస్ట్రోలు చూసినవాళ్ళకి అది ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కానీ చూడండి, కేడీఈ కావాలన్నవాళ్ళని పొమ్మనలా, 2005 ఏప్రిల్‌లో కుబుంటు అని విడి పేరుతో ఇచ్చారు, 2006లో జుబుంటు వచ్చింది. ప్రశ్న లేదు, దారి ఉంది. నాకు నచ్చిన పద్ధతి ఇదీ.

ఇప్పుడు మన తెలుగు సంగతికొస్తాను, ఎందుకంటే డెస్క్‌టాప్ ఛాయిస్ అనేది అలంకారం కాదు అని నాకు తెలిసొచ్చేది ఇక్కడే. ఇంగ్లీష్ టైప్ చేసేవాళ్ళకి గ్నోమ్ అయినా ప్లాస్మా అయినా కీబోర్డ్ ఒకటే, మనకి కాదు. గ్నోమ్‌లో 2012లో వచ్చిన 3.6 నుంచీ వేరే భాషలు టైప్ చేయించే ఐబస్ అనే ప్రోగ్రామ్ లోపలే కలిసిపోయి ఉంది, సెట్టింగుల్లో కీబోర్డ్‌లోకి వెళ్ళి తెలుగు కలుపుకుంటే పైన చిన్న గుర్తు వస్తది, సూపర్ కీ స్పేసూ నొక్కితే భాష మారుద్ది, ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్టూ, ఆర్టీఎస్సూ, యాపిల్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్లు కూడా అందులోనే దొరుకుతాయి. ప్లాస్మాలో ఎక్కువమంది ఐబస్ లాంటిదే ఎఫ్‌సీఐటీఎక్స్ 5 వాడతారు, స్క్రీన్ మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్, ఆ సెషన్‌లో అది పనిచెయ్యాలంటే సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డ్ అనే పేజీలోకి వెళ్ళి దాన్ని ఎంచాలి. భౌతికంగా ముందున్న కీబోర్డ్ మీద తెలుగు కొట్టడానికి వర్చువల్ కీబోర్డ్ పేజీ తెరవాలని ఎవరికి తోచుద్ది చెప్పండి, మన టీచరుగారికి ఎప్పటికీ తోచదు. ఎక్స్ఎఫ్‌సీఈలో అయితే ఐబస్ మనమే వేసి, ఇన్‌పుట్ మెథడ్ ఏదో మనమే చెప్పి, లాగవుట్ అయ్యి లోపలికి రావాలి. మూడిట్లోనూ తెలుగు వచ్చిద్ది, ఎక్కడా రాదని అనట్లా, కానీ మూడు చోట్లా మూడు దారులు, ఏ దారో డౌన్‌లోడ్ పేజీలో ఒక్క డిస్ట్రో కూడా చెప్పగా నేను చూళ్ళేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ చేసే స్నేహితుడు ఒకడున్నాడు, ఏళ్ళ తరబడి పేజ్‌మేకరూ అను ఫాంట్సూ మీద బతికినవాడు, యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ వాడి వేళ్ళకి ఎక్కిపోయింది. పెళ్ళి కార్డులూ కరపత్రాలూ ఇప్పటికీ విండోస్ మీదే చేస్తాడు, అది మార్చమని నేను అననుగాక అనను, ఆ ఫైళ్ళేవీ ఏ ఫోన్లో అయినా కంప్యూటర్లో అయినా తెలుగుగా కనపడే యూనికోడ్‌లో లేవు. కానీ మెయిళ్ళకీ కొత్తగా యూనికోడ్‌లో అడిగేవాళ్ళ పనికీ లినక్స్ చూస్తానన్నాడు. వాడు అడిగిన మొదటి మాట, "ఒరేయ్, మెనూ ఎక్కడుంటే నాకేంటిరా, నా కీబోర్డ్ తిన్నగా వచ్చిద్దా రాదా?" డెస్క్‌టాప్ పోల్చి చూపించే వీడియోలు ఎన్ని ఉన్నా ఈ ప్రశ్నకి జవాబు ఉండదు, వాటన్నిటిలోనూ వాల్‌పేపర్లూ యానిమేషన్లూ.

ఇక ఎన్ని ఇవ్వాలి అన్న లెక్క. మింట్ 2018 నుంచీ కేడీఈ ఎడిషన్ ఆపేసింది, 18.3 ఆఖరిది. చాలామందికి కోపం వచ్చింది కానీ వాళ్ళు చెప్పిన కారణం సబబైందే, మింట్ వాళ్ళు సొంతంగా రాసుకునే టూల్స్ అన్నీ జీటీకే అనే వేరే టూల్‌కిట్ మీద ఉంటాయి, క్యూటీ మీద కట్టిన ప్లాస్మాలో అవి అతకవు, రెండు వైపులా పని చేసే మనుషులు లేరు. సిన్నమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ మూడూ ఉంచారు, మూడిట్లోనూ వాళ్ళ టూల్స్ పనిచేస్తాయి. చూసుకోలేనిదాన్ని పేరుకి పెట్టుకుని జనాన్ని బగ్గుల్లో వదిలెయ్యటం కంటే ఇది ఎంతో నయం. కంపెనీలకి లినక్స్ ఇచ్చే రెడ్ హ్యాట్ కూడా 2019లో వచ్చిన తన డిస్ట్రో ఆర్‌హెచ్ఈఎల్ 8లో కేడీఈ తీసేసింది. ఫెడోరా రెండో వైపు నడిచింది, అక్కడ కేడీఈ మీద శ్రద్ధగా పనిచేసే గుంపు ఎన్నో ఏళ్ళుగా ఉంది, 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42తో ప్లాస్మాకి గ్నోమ్ వర్క్‌స్టేషన్‌తో సమానంగా ఎడిషన్ హోదా ఇచ్చారు. మనుషులు ఉన్నారు, ఇచ్చారు. ఈ మూడు నిర్ణయాలూ నాకు ఒకదానికొకటి ఎదురుగా కనపడవు.

డిఫాల్ట్ ఎట్టా ఎంచాలి అన్నదానికి నాకు బాగా నచ్చింది డెబియన్ చేసిన పని. డెబియన్ 8 తయారవుతున్నప్పుడు కొన్నాళ్ళు ఎక్స్ఎఫ్‌సీఈని డిఫాల్ట్‌గా పెట్టి చూశారు, 2014 సెప్టెంబర్‌లో డెబియన్ డెవలపర్ జోయీ హెస్ మళ్ళీ గ్నోమ్‌కి మార్చాడు, చెప్పిన కారణాల్లో మొదటి వరసలో ఉన్నది యాక్సెసిబిలిటీ. అంటే చూపు లేనివాళ్ళకి స్క్రీన్ చదివి వినిపించే ఓర్కా లాంటివి గ్నోమ్‌లో బాగా పనిచేస్తాయి అని. సెట్టింగులు మార్చుకోగలిగినవాడు ఎట్టాగైనా మార్చుకుంటాడు, మార్చుకోవటానికి కూడా స్క్రీన్ కనపడనివాడికి డిఫాల్టే మొత్తం కంప్యూటర్. ఎవరికి అందుబాటు తక్కువో వాళ్ళని చూసి డిఫాల్ట్ పెట్టటం అనేది ప్రతి డిస్ట్రో చెయ్యాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకే మెషీన్‌లో రెండు మూడు వేసుకుని లాగిన్ దగ్గర మార్చుకుంటే పోలా అంటారు కొంతమంది. కుదురుద్ది, కానీ రెండు ఫైల్ మేనేజర్లు, రెండు సెట్టింగ్స్ ప్రోగ్రాములు, పాస్‌వర్డులు దాచుకోడానికి గ్నోమ్ కీరింగ్ ఒకటీ కేవాలెట్ ఒకటీ, పీడీఎఫ్ నొక్కితే ఏదో ఒకటి తెరుచుకోవటం. నేర్చుకునేవాళ్ళకి ఓకే, మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతూ అట్టాగే అన్నీ వేసుకుని చూశాడు, మంచిదే. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌కి వద్దు.

పాత కంప్యూటర్ అనగానే తేలికపాటి డెస్క్‌టాప్ వెయ్యి, పరిగెత్తుద్ది అని చెప్తారు కదా, అందులో సగమే నిజం. 4 జీబీ ర్యామ్ ఉన్నదాంట్లో ఎక్స్ఎఫ్‌సీఈనో ఎల్ఎక్స్‌క్యూటీనో వేస్తే కొంత మిగులుద్ది, నిజమే, కానీ బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ మిగిలింది అది తినేసిద్ది. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టిస్తే వచ్చే తేడా డెస్క్‌టాప్ మారిస్తే రాదు. డబ్బులు పెట్టలేనివాళ్ళకి మాత్రం ఆ కొంచెం కూడా విలువైందే, అందుకే తేలికవి డిస్ట్రోల్లో ఉండి తీరాలి.

డిస్ట్రోలు నడిపేవాళ్ళని నేను అడిగేది పెద్దదేం కాదు. డౌన్‌లోడ్ పేజీలో పైన ఒక్కటే బటన్ పెట్టండి, ఇదీ మాది అని. దాని కింద మిగతా డెస్క్‌టాప్‌లు ఉంచండి, ఒక్కోదాని పక్కన స్క్రీన్ బొమ్మతో పాటు నాలుగు సంగతులు రాయండి: ఎంత ర్యామ్‌లో హాయిగా నడుస్తదో, స్క్రీన్ రీడర్ పనిచేస్తదో లేదో, ఇంగ్లీష్ కాని భాష టైప్ చెయ్యాలంటే ఏ మెనూలోకి వెళ్ళాలో, దీన్ని మీలో ఎంతమంది చూసుకుంటున్నారో. ఆ నాలుగోది రాయటానికి మొహమాటపడాల్సి వస్తే ఆ డెస్క్‌టాప్‌ని ఆ జాబితాలోంచి తీసి డిస్ట్రో ప్రోగ్రాములన్నీ దాచి ఉంచే రిపాజిటరీలో మాత్రం ఉంచండి, కావాల్సినవాళ్ళు వెతుక్కుని వేసుకుంటారు. తెలుగు టైపింగ్ ఒక్కో డెస్క్‌టాప్‌లో ఎట్టా పెట్టుకోవాలో రాసిచ్చే పని మాత్రం మనదే, బయటివాళ్ళు చెయ్యలేరు, గ్నోమ్‌ది రాయటం నేను మొదలుపెట్టాను, ప్లాస్మా రోజూ వాడేవాళ్ళు విజయవాడలోనో గుంటూరులోనో ఉంటే ఆ భాగం మీరు అందుకోండి.